అరవై రెండు కిలోల ఇసుక

ఆయన పోయిన సంగతి నాకు స్కూలు బస్సు డ్రైవరు చెప్పాడు. చిరిగిన సీట్లు దింపుతూ, "అక్కా, నాచారంల ఇమానం సార్ లేడు, ఎరుకేనా? పొద్దుగాల పోయిండట" అన్నాడు. అని, ఆ సీట్లు ఎక్కడ పెట్టమంటావని అడిగాడు. నేను చోటు చూపించాను. టేపు తీసుకుని రెండు సీట్ల కొలతలు రాసుకున్నాను కూడా. ఏం రాశానో తర్వాత చూస్తే నాకే అర్థం కాలేదు. షట్టరు సగం దించి, కుట్టుమిషను ముందు స్టూలు మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

నాచారం పారిశ్రామికవాడలో ఆయన అసలు పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు. విమానం సార్ అంటే మాత్రం చాయ్ హోటలు వాళ్లు కూడా పని వదిలి షెడ్డు దాకా వచ్చి చూపించేవాళ్లు. నిజానికి ఆయన సారేమీ కాదు. మందుబిళ్లలు ఒత్తే యంత్రాలకు అచ్చులు చేసే ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లు లేత్ మీద పనిచేసిన మనిషి. ఒకరోజు లేత్ మీంచి ఎగిరిన ఇనుప రవ్వ ఎడమ కంటి చూపు తీసుకుపోయింది. మిగిలిన కంటితోనే, మూతపడ్డ టైర్ల కార్ఖానా తాలూకు షెడ్డు ఒకటి కిరాయికి తీసుకుని, అందులో సొంతంగా ఒక చిన్న విమానం కట్టుకుంటున్నాడు. ఒక్క మనిషి కూర్చునేది. పదకొండేళ్లు కట్టాడు.

నాది ఉప్పల్‌లో సీటు కవర్ల దుకాణం. ఆటోలు, కార్లు, స్కూలు బస్సులు, లారీల తార్పాలిన్లు. విమానంతో నాకేం పని? ఆయనే వచ్చాడు. చంకలో తెల్లటి బట్ట చుట్ట పెట్టుకుని దుకాణం ముందు నిలబడి, ముందు చేతులు కడుక్కోవడానికి నీళ్లు అడిగాడు. సంచిలోంచి సబ్బుపొడి పొట్లం తీసి మోచేతుల దాకా రుద్దుకుని, తువ్వాలుతో తుడుచుకుని, అప్పుడు గానీ ఆ బట్టను విప్పలేదు.

"చెల్లె, గీ రెండు ముక్కలు కలిపి కుట్టియ్యి. మడత మీద మడత పెట్టాలె. ఇంచుకు ఎనిమిది కుట్లు. తక్కువ వద్దు, ఎక్కువ వద్దు."

"దేనికన్నా?"

"ముందుగాల కుట్టు. తర్వాత చెప్త."

కుట్టి ఇచ్చాను. అరచేతి వెడల్పు ముక్కలు. వాటిని నా షట్టరు కొక్కేనికి కట్టి కింద ఒక్కొక్క ఇటుకా వేలాడదీయడం మొదలుపెట్టాడు. ఇటుక పెట్టినప్పుడల్లా ఆగి, బట్టకు చెవి ఆనించి వినేవాడు. పక్క టైర్ల దుకాణం వాళ్లు పని మానేసి చూస్తున్నారు. చాలా ఇటుకల తర్వాత బట్ట పర్రున చిరిగి ఇటుకలన్నీ కిందపడ్డాయి. నేను బెదిరిపోయాను. ఆయన ముఖం మాత్రం విప్పారింది.

"చూసినవా? బట్ట చిరిగింది గని నీ కుట్టు ఇడువలే. గట్లుండాలె. నా ఇమానం రెక్కలు నువ్వే కుడుతున్నవ్."

అలా నేను ఆదివారాలు ఆయన షెడ్డుకు వెళ్లడం మొదలైంది.

చేతికి ఏది అందినా దాని బరువు చెప్పడం ఆయన అలవాటు. కూరగాయలమ్మే వాళ్ల దగ్గరుండే కాటా ఒకటి బల్లమీద ఉండేది. ప్రతి బోల్టూ, ప్రతి మేకూ దాని మీద పెట్టి పుస్తకంలో రాసేవాడు. కుట్టడానికి ముందు నా దారపు ఉండను తూచి, కుట్టాక మళ్లీ తూచి, రెక్కలోకి ఎంత దారం పోయిందో లెక్క కట్టేవాడు. మనుషులను కంటితోనే తూచేసేవాడు. "యాభై ఎనిమిది ఉంటవ్ చెల్లె. గా టిఫిన్ డబ్బాతోని అరవై." ఇంటికొచ్చి చూసుకుంటే సరిగ్గా అంతే ఉండేదాన్ని.

ఇంకొకటి. ఆ షెడ్డులో "నడుస్తది" అనే మాట ఎవరూ అనకూడదు. వెల్డింగుకు వచ్చినతను ఒకసారి, "గింతకంటె ఏం గావాలె సార్, నడుస్తది" అన్నాడు. ఆయన అతని మిషను తీసుకెళ్లి ఆటోలో పెట్టాడు. నేనూ ఒకసారి అన్నాను. రెక్క అడుగున, ఎవరికీ కనిపించనిచోట నా కుట్టు కొంచెం వంకరపోయింది. నడుస్తది లెండి అన్నాను. బ్లేడు తీసుకుని ఆరడుగుల పొడవునా ఆ కుట్టు మొత్తం కోసేశాడు. తర్వాత నాకు చాయ్ పోసి ఇచ్చి నెమ్మదిగా అన్నాడు.

"ఆటో అయితె నడుస్తది చెల్లె. నడిమిట్ల ఆగితే దిగి తోసుకుంటరు. గిది ఆగితే ఏడ దిగుతవ్?"

రెక్కల ఎముకల మీద, అంటే లోపలి అల్యూమినియం చట్రం మీద, బట్ట తొడిగి ఇస్త్రీపెట్టెతో కాచితే అది బిగిసి, వేలితో తడితే మద్దెలలా మోగేది. ఆ తర్వాత బట్టను ఎముకలకు కలిపి చేత్తో కుట్టాలి. రెక్కను నిలువుగా నిలబెట్టేవాళ్లం. ఇవతల నేను, అవతల ఆయన. మూరెడు సూది. నేను ఇటునుంచి గుచ్చితే ఆయన అటు లాగి, మళ్లీ ఇటు గుచ్చేవాడు. ఒకరికొకరం కనిపించం. బట్ట వెనకనుంచి మాట మాత్రం వినిపించేది. ఒకరోజు అలా కుడుతూ అడిగాను.

"అన్నా, ఇది తయారైనంక నువ్వే నడుపుతవా?"

"ఒంటికన్నోనికి లైసెన్సు ఎవరిస్తరు?"

సూది నా వైపు రాలేదు. నేను ఎదురుచూశాను.

"మరి ఎందుకు కడుతున్నవ్?"

"కట్టుడు నాకొస్తది గాబట్టి" అన్నాడు. సూది వచ్చింది.

విమానం పూర్తయిందని ఎవరైనా అంటే ఆయనకు నచ్చేది కాదు. చక్రాలు మూడుసార్లు మార్చాడు. ముందరి అద్దం రెండుసార్లు. తోక కోసి మళ్లీ కట్టాడు. వాళ్లావిడ, నేను వదినా అని పిలిచే ఆవిడ, మధ్యాహ్నం అన్నం తెచ్చి పెడుతూ నవ్వేది. "మీ అన్నకు పూర్తయిన వస్తువంటె పడదమ్మా. ముప్పయ్యేండ్లాయె, నా వంట ఇంక పూర్తిగ రాలేదంటడు." ఆయన ముద్ద చేతిలో పట్టుకుని, "ఉప్పు రెండు గ్రాములు తక్కువున్నది" అనేవాడు.

అనుమతి కాగితాలు రావడానికే మూడేళ్లు పట్టింది. నడపడానికి ఒప్పుకున్నది హబ్సిగూడలో ఉండే ఒక పెద్దమనిషి. ఫ్లయింగ్ క్లబ్బులో ఎందరికో విమానం నేర్పి రిటైరైన వారు. అందరం కెప్టెన్ గారనేవాళ్లం. కోస్తా మనిషి, తెల్లటి మీసం, నెమ్మది మాట. రెండు రోజులపాటు విమానం చుట్టూ తిరిగి ప్రతి తీగా లాగి చూసి, చివరికి అన్నారు.

"ఏమండీ, నేను నలభై ఏళ్లు ఫ్యాక్టరీల్లో చేసిన విమానాలు నడిపాను. వాటిల్లో ఏదీ ఎక్కేముందు నాకింత ధైర్యం లేదు."

అన్న తల వంచుకుని చేతులు తుడుచుకున్నాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న చేతులు.

రెక్కలు విప్పి ట్రాలీ మీద వేసుకుని, అన్నోజిగూడ మీదుగా ఘట్‌కేసర్ దాటి, ఇంకో గంట వెళితే ఒక పాత రన్‌వే ఉండేది. అక్కడే మొదటిసారి ఎగిరింది. నేను కుట్టిన రెక్కలు నేల వదిలాయి. పక్కకు చూస్తే అన్న ఉన్న ఒక్క కన్నూ మూసుకుని నిలబడ్డాడు.

"అన్నా, చూడవేంది? లేచింది!"

"ఇంటున్న" అన్నాడు. "ఇంటె అన్నీ తెలుస్తయి."

పదకొండు నిమిషాలు ఎగిరి కెప్టెన్ గారు దిగారు. ఆ చలికాలమంతా ఆదివారం ఆదివారం ఎగిరారు. అన్న ప్రతిసారీ అలాగే కన్నుమూసుకుని నిలబడేవాడు. అవి మంచి రోజులు. ఇప్పుడు చెబుతుంటే నాకే నమ్మకం కలగడం లేదు గానీ, అవి చాలా మంచి రోజులు.

వెనక సీటు సంగతి ఎత్తింది కెప్టెన్ గారే. ఒకరోజు విమానం దిగి హెల్మెట్టు తీస్తూ, "ఇంత కష్టపడి మీరు కట్టారు, ఎక్కేది మాత్రం నేను. ఏం బాలేదండీ. వెనకాల ఇంకో సీటు పెట్టండి. మిమ్మల్ని నేను తీసుకెళ్తాను" అన్నారు.

అన్న పెళ్లికొడుకులా సిగ్గుపడ్డాడు. ఎప్పుడూ ఏదో ఒకటి మార్చే మనిషి ఈసారి నెలరోజులు దానిమీద చెయ్యి వేయలేదు. నేనే అడిగాను, ఎందుకు మొదలుపెట్టలేదని.

"భయమైతున్నది చెల్లె. ఇన్నేండ్లు గా కోరిక లేకుండనే కట్టిన. ఇప్పుడు పుట్టింది."

చివరికి మొదలుపెట్టాడు. ఏడాదిన్నర పట్టింది. బరువు తగ్గించడానికి సీటులో వీపు ఆనే చోట రేకుకు బదులు బెల్టు పట్టీలు అల్లాడు. బరువు వెనక్కి పోకుండా ఇంజను ముందుకు జరిపాడు. లెక్కలన్నీ వేస్తే ఆ సీట్లో కూర్చునే మనిషి అరవై రెండు కిలోలు దాటకూడదని తేలింది. ఆయన డెబ్భై ఒకటి ఉన్నాడు. ఆ రోజునుంచి అన్నం మానేశాడు. పూటకొక జొన్నరొట్టె. నాచారంలో బియ్యం దుకాణం ముందున్న పెద్ద కాటా మీద రోజూ ఎక్కి నిలబడేవాడు. దుకాణం వాళ్లు నవ్వేవాళ్లు. అరవై రెండుకు దిగిన రోజు లడ్డూల పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టాడు. తాను మాత్రం తినలేదు.

కానీ మొదట మనిషిని ఎక్కించకూడదు. అంతే బరువు ఇసుక పెట్టి ఎగిరి చూడాలి. అందుకు సంచి కుట్టమని కాగితం మీద బొమ్మ గీసి తెచ్చాడు. కూర్చున్న మనిషి మొండెం లాంటి సంచి. లోపల ఆరు అరలు. ఏ అరలో ఇసుక ఆ అరలోనే ఉండాలి, కదలకూడదు.

అది స్కూళ్లు తెరిచే కాలం. దుకాణం నిండా బస్సు సీట్లు. నేను ఆరు అరలు పెట్టలేదు. రెండే పెట్టాను.

ఇది రాయడానికే ఇంత దూరం వచ్చాను. రెండే పెట్టాను.

శనివారం సాయంత్రం వచ్చి సంచిని అటూ ఇటూ ఒత్తి చూశాడు. "ఆరు చెప్పిన గద చెల్లె."

"స్కూళ్లు తెరుస్తున్నరన్నా, ఊపిరాడుత లేదు. గట్టి క్యాన్వాసే పెట్టిన. మళ్ల ఇప్పి కుట్టాల్నంటే మంగళారం దాక పడతది."

వానలు వచ్చేస్తున్నాయి. వస్తే ఆ రన్‌వే బురదైపోతుంది, మళ్లీ చలికాలం దాకా ఆగాలి. అన్న సంచిని ఒళ్లో పెట్టుకుని మధ్య కుట్టు వెంట వేలు జరిపాడు. తర్వాత లేచాడు.

"సరే. నడుస్తది."

విమానం పని గురించి ఆయన నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. పని తప్పింది కదా అని నాకు సంతోషమే వేసింది.

మర్నాడు ఉదయం రన్‌వే దగ్గర ఇసుక తూచి నింపాం. ఒక్క గ్రాము అటూ ఇటూ లేకుండా అరవై రెండు కిలోలు. వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించి, ఆ సంచి కడుపు మీద తట్టాడు. "గిది నేనే" అన్నాడు. కెప్టెన్ గారు వెనక్కి తిరిగి చూసి నవ్వారు. "మీకంటే ఇతనే నయమండీ. నేను నడిపేదానికి వంకలు పెట్టడు."

విమానం లేచింది. అన్న కన్ను మూసుకున్నాడు. ఒక చుట్టు తిరిగి వచ్చి రెండోసారి పైకెక్కుతోంది. నాకు తేడా ఏమీ కనిపించలేదు. అన్న చటుక్కున కన్ను తెరిచాడు.

"గదేంది?" అన్నాడు.

విమానం ముక్కు పైకి లేచింది. ఇంకా లేచింది. కెప్టెన్ గారు దించాలని చూస్తున్నారని తోక కదలడం చూస్తే తెలుస్తోంది. అది దిగలేదు. ఒక్క క్షణం గాలిలో నిలబడిపోయినట్టు ఆగి, ఒక పక్కకు ఒరిగి, పత్తి వేయబోయే చేలో పడింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. అన్న పరిగెత్తాడు. నేనూ పరిగెత్తాను. దున్నిన చేలో చెప్పులు కూరుకుపోతుంటే వదిలేసి పరిగెత్తాం.

కెప్టెన్ గారికి అప్పటికి స్పృహ ఉంది. "ముక్కు దిగలేదండీ" అన్నారు, తప్పు తనదైనట్టు. అంబులెన్సు ఘట్‌కేసర్ చేరకముందే పోయారు.

జరిగింది ఇది. ఇంజను అదురుకు సంచిలో ఇసుక కిందికి కుంగింది. పైన సంచి సన్నబడి బెల్టు వదులైంది. రెండోసారి పైకెక్కుతున్నప్పుడు సంచి ఆ బెల్టు కిందినుంచి, సీటు పట్టీల సందులోంచి తోకలోకి జారిపోయింది. తోక బరువెక్కితే ముక్కును ఎవరూ దించలేరు. ఇసుక ఆరు అరల్లో ఉండి ఉంటే కుంగేది కాదు.

పోలీసుస్టేషన్‌లో అన్న ఇదంతా ఇన్‌స్పెక్టరుకు పిల్లలకు చెప్పినట్టు విడమరిచి చెప్పాడు. నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను.

"బెల్టు ఎవరు కట్టిన్రు?"

"నేనే."

"సంచి ఎవరు కుట్టిన్రు?"

"నేనే కుట్టిన సార్" అన్నాడు అన్న.

ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. నేను లేవలేదు. నోరు తెరవలేదు. చీర కొంగు వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ అలాగే కూర్చున్నాను.

తర్వాత రెండేళ్లు నేను ఆ షెడ్డు వైపు వెళ్లలేదు. నాచారం మీదుగా వెళ్లాల్సివస్తే తార్నాక చుట్టి వెళ్లేదాన్ని. ఆయన మీద కేసు నడుస్తోందని, హబ్సిగూడ వెళ్లి కెప్టెన్ గారి ఇంటి ఎదురుగా రోడ్డు మీద నిలబడి వస్తున్నాడని వింటూనే ఉన్నాను. గేటు తట్టడట. లోపలికి వెళ్లడట. నిలబడి వచ్చేస్తాడట. ఒకసారి కెప్టెన్ గారి భార్య వాచ్‌మన్‌తో చెప్పి పంపిందట, ఇంకెప్పుడూ రావద్దని. ఆ తర్వాత వెళ్లడం మానేశాడట.

ఒక ఆదివారం ఉండబట్టలేక వెళ్లాను. షెడ్డులో విమానం మళ్లీ నిలబడి ఉంది. పోలీసులు వదిలేసిన తుక్కును తెచ్చుకుని, ఒక్కొక్క గొట్టం సాపు చేసి, మళ్లీ కట్టాడు. వెనక సీటు లేదు. నన్ను చూసి స్టూలు తుడిచి వేశాడు, నిన్ననే వచ్చి వెళ్లిన మనిషికి వేసినట్టు.

"అన్నా, అరలు పెట్టనిది నేను. నువ్వెందుకు చెప్పలేదు?"

"సరే అన్నదెవరు?"

"నేను బద్ధకించకపోతే..."

"నువ్వు బద్ధకించినవ్. నేను ఒప్పుకున్న. రెండూ నిజమే." కోపం లేదు, ఓదార్పు కూడా లేదు ఆ గొంతులో. స్పానరు కింద పెట్టి, ఆ వెనక సీటు ఉండాల్సిన ఖాళీ వైపు చూశాడు. "ఒక్కటే తెగుత లేదు చెల్లె నాకు. నేను కూసుంటె గట్ల జారకపోదును. ముందర గొట్టం పట్టుకుని కూసుందును. మనిషిని గదా. పానం పోవద్దని ఇసుక పెట్టినం. ఇసుక గాబట్టే జారింది."

ఆ రోజునుంచి మళ్లీ ఆదివారాలు వెళ్లాను. పడినప్పుడు చినిగిన రెక్కకు కొత్త బట్ట కుట్టాను. ఇంచుకు ఎనిమిది కుట్లు. అవతలివైపు నుంచి సూది వచ్చేది, మాట వచ్చేది కాదు.

ఆ విమానానికి మళ్లీ అనుమతి రాదని మా ఇద్దరికీ తెలుసు. అయినా ప్రతి వారం తీగలకు నూనె పెట్టి, టైర్లలో గాలి చూసి, పది నిమిషాలు ఇంజను తిప్పి ఆపేవాడు. తర్వాత చేతులు కడుక్కుని పుస్తకం తీసి రాసేవాడు. తేదీ. ఇంజను పది నిమిషాలు. లోపములు: లేవు. పేజీలు తిప్పితే అంతా అదే. లోపములు: లేవు. లోపములు: లేవు.

"ఎవరికోసం రాస్తున్నవన్నా?"

"కెప్టెన్ గారు దీన్ని నమ్మి ఎక్కిండ్రు. ఇది మంచిదే అని ఎవరన్న ఒక్కరు వచ్చి సూస్తె..." అని ఆగిపోయాడు. ఎవరూ రాలేదు.

కిందటేడు షెడ్డు యజమాని ఆ స్థలం అపార్టుమెంట్లకు ఇచ్చేశాడు. ఖాళీ చేయాలి. విమానాన్ని ఎక్కడ పెడతాం? పాత ఇనుము వాళ్లకు అన్నే కబురు పెట్టాడు. వాళ్లు వచ్చి చూసి, అల్యూమినియం తీసుకుంటాం గానీ బట్ట ఉంటే పనికిరాదన్నారు. అన్న నాకు ఫోన్ చేశాడు. "నువ్వు కుట్టినవ్ గద చెల్లె. నువ్వే ఇప్పు. వాళ్లు అడ్డదిడ్డంగ గుంజుతరు."

బ్లేడు తీసుకుని వెళ్లాను. బట్ట ఎంత బిగువుగా ఉందంటే, బ్లేడు ఆనించగానే తనంతట తనే విచ్చుకుంటూ పోయింది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కోశాను. ఆయన కుర్చీలో కూర్చుని చూశాడు. బల్లమీద కాటా ఉంది గానీ ఏదీ దాని మీద పెట్టలేదు. పాత ఇనుము తీసుకెళ్లే మనిషి రెక్క ఎముకను ఒక చేత్తో లేపి చూసి నిరుత్సాహపడ్డాడు.

"గింత పెద్దగున్నది గని ఏం బరువు లేదు గద సార్!"

"లేదు" అన్నాడు అన్న. "బరువు లేదు."

ఆ తర్వాత ఒకటి రెండుసార్లు ఉప్పల్ వచ్చి నా దుకాణంలో స్టూలు మీద కూర్చుని వెళ్లాడు. నేను ఏదైనా చేతికిస్తే ఊరికే పట్టుకునేవాడు, దాని బరువు చెప్పేవాడు కాదు. ఆయన బరువు మాత్రం నేను చూపుతోనే పట్టేశాను. యాభై కూడా లేడు. అన్నం తింటున్నావా అంటే తింటున్నాననేవాడు. ఫికర్ చెయ్యకు అనేవాడు.

డ్రైవరు కబురు చెప్పిన రోజు నేను నాచారం వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. ఇంటిముందు టెంటు వేశారు. పది పదిహేను మంది ఉన్నారు, ఫ్యాక్టరీలో ఆయనతో పాటు పనిచేసినవాళ్లు. వదిన నన్ను పట్టుకుని ఏడవలేదు. "రాత్రి రెండు బుక్కలు తిన్నడు. ఉప్పు సరిపోయిందన్నడమ్మా. ఎన్నడు అన్నడు గట్ల?" అని అదే మాట మళ్లీ మళ్లీ అంటోంది.

ఎత్తడానికి సిద్ధమవుతుండగా గేటు ముందు ఒక కారు ఆగింది. తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ దిగి, గేటు అంచున ఆగిపోయారు. నేను ఆవిడను దవాఖానాలో ఒక్కసారే చూశాను, అయినా గుర్తుపట్టాను. కెప్టెన్ గారి భార్య. ఎవరు చెప్పారో తెలియదు. వదిన ఆవిడను చూసి లేవబోయి లేవలేకపోయింది. నేనే వెళ్లాను.

ఆవిడ శవం వైపు చూడలేదు. నా ముఖంలోకి చూస్తూ అడిగారు.

"మీరు ఆ షెడ్డులో కుట్టుపని చేసినావిడేనా?"

"అవునమ్మా."

"ఒక్క సంగతి తెలుసుకుందామని వచ్చానండీ. తర్వాత ఎప్పుడైనా ఆయన అది ఎక్కారా? ఎవరితోనైనా, ఒక్కసారైనా పైకి వెళ్లారా?"

"లేదమ్మా."

"ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడ ఎక్కలే. నేల మీదనే ఉండె. పోయిన ఏడు తుక్కు కింద ఇచ్చేసినం."

ఆవిడ గేటు ఊచ పట్టుకున్నారు. ఎప్పుడో ఒకనాడు ఆయన ఎక్కే ఉంటాడని, ఇన్నేళ్లూ ఆవిడ అదే అనుకుంటున్నారని నాకు అప్పుడర్థమైంది. దానికోసం ఆయన్ను అసహ్యించుకుంటూ, దాన్నే పట్టుకుని బతుకుతున్నారు.

"మరి మావారు దేనికోసం పోయినట్టండీ?" అన్నారు.

టెంటు కింద ఉన్నవాళ్లంతా నా వైపు చూశారు. నేను చెప్పాల్సిన మాట ఒకటుంది, ఆరు అరల గురించి, రెండు అరల గురించి. స్టేషన్‌లో చెప్పనిది ఇక్కడైనా చెప్పాలని నోరు తెరిచాను. ఆవిడ అప్పటికే వెనక్కి తిరిగి, కారు తలుపు దొరక్క చేత్తో తడుముకుంటున్నారు.